గాలి ఒంట్లోకి పోదు మామ్మగారూ

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రి బోర్డు కనపడని సందు దొరకడం కష్టం. మాచర్ల బస్సు దిగినవాళ్లయినా, సత్తెనపల్లి నుంచి కారు మాట్లాడుకుని వచ్చినవాళ్లయినా అందరి చేతుల్లోనూ అవే ఎక్స్‌రే కవర్లు. అక్కడే ఒక నర్సింగ్ హోమ్‌లో మా అత్తయ్యకి తోడుగా మూడు రాత్రులు పడుకున్నాను. పడుకున్నానన్న మాటే గానీ, వార్డంతా సెలైన్ సీసాల వంకే చూస్తూ తెల్లవార్లూ మేలుకుంది.

మొదటి రాత్రి సీసా అడుగంటింది. పక్క మంచం పెద్దాయన కొడుకు పరుగెత్తాడు. "సిస్టర్, సెలైన్ అయిపోయింది, గాలి లోపలికి పోతుంది!" డ్యూటీలో ఉన్నామె రిజిస్టరులోంచి తలెత్తకుండా "ఏం కాదులే, వస్తున్నా పో" అంది. పావుగంటకు వచ్చి సీసా మార్చింది. అత్తయ్య తెల్లారేదాకా కన్ను మూస్తే ఒట్టు.

రెండో రాత్రి వేరే ఆమె. సీసా మారుస్తూ ట్యూబ్ మీద వేలు పెట్టి చూపించింది. "గాలి ఒంట్లోకి పోదు మామ్మగారూ. నీళ్లు ఇక్కడిదాకా దిగి ఆగిపోయినయ్, చూశారా?" ఆ రాత్రి అత్తయ్య గురక పెట్టింది.

ఆమె చెప్పింది అచ్చంగా భౌతికశాస్త్రం. స్టాండుకి వేలాడే సెలైన్ ఒంట్లోకి దిగేది ఎత్తు బలంతోనే. పడుకున్న మనిషి చేతి సిరలో ఒత్తిడి 10 మిల్లీమీటర్ల పాదరసానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే దానికి సరితూగడానికి జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు. సీసా ఖాళీ అయ్యాక ట్యూబ్‌లో నీళ్లు ఆ మట్టానికి దిగి నిలిచిపోతాయి. చెయ్యి కదిపితే రక్తమే ట్యూబ్‌లోకి ఎదురెక్కుతుంది. అది గడ్డకట్టి క్యాన్యులా (సిరలో ఉంచే సన్నటి గొట్టం) మూసుకుపోతే మళ్లీ సూది పొడవాలి. కాబట్టి పిలవడం అవసరమే, ప్రాణభయం అనవసరం. మెడ దగ్గర పెద్ద సిరలో వేసే గొట్టాల సంగతి వేరు, అక్కడ గాలి నిజంగానే ప్రమాదం.

నర్సు ఆదరణను లెక్కలోకి తేవాలని పరిశోధకులు చాలాకాలంగా తంటాలు పడుతున్నారు. 1979లో అమెరికా నర్సింగ్ ప్రొఫెసర్ జీన్ వాట్సన్ దాన్ని ఒక సిద్ధాంతంగా నిలబెట్టింది. 1984లో ప్యాట్రిషియా లార్సన్ అనే పరిశోధకురాలు నర్సులు చేసే 50 పనులను చీట్ల మీద రాసి, ఏది ముఖ్యమో వరుసగా పేర్చమని క్యాన్సర్ రోగులను అడిగింది. తర్వాత ఇదే పద్ధతిలో నర్సులనూ అడిగారు. నర్సులు రోగి మాట వినడాన్ని పైన పెట్టారు. రోగులు పైన పెట్టినవాటిలో సూదులూ సెలైన్లూ సరిగ్గా పెట్టడం తెలిసి ఉండటం ఒకటి! తర్వాతి అధ్యయనాల్లోనూ చాలాసార్లు ఇదే తేడా కనిపించింది.

నాకు మాత్రం ఆశ్చర్యం వెయ్యలేదు. అత్తయ్యకి సిర దొరకదు. రెండో రాత్రి ఆమె రబ్బరు పట్టీ కట్టి, రెండు వేళ్లతో ముంజేయంతా తడుముతూ తొందరపడకుండా వెతికింది. "పిడికిలి బిగించండి... చురుక్కుమంటుంది" అంది. ఒక్క పోటు, అంతే. మాట తీపికన్నా చెయ్యి తిరిగినతనమే ముందు నమ్మకం తెస్తుంది. అయితే ఆ 'చురుక్కుమంటుంది' అనే మాట లేకపోతే అత్తయ్య చెయ్యి వెనక్కి లాక్కునేదే.

అమెరికాలో ఆసుపత్రుల రోగుల సర్వే ఫలితాలు 2008 నుంచి జనానికి బయటపెడుతున్నారు. నర్సు మర్యాదగా మాట్లాడిందా, శ్రద్ధగా విందా, అర్థమయ్యేలా చెప్పిందా అని అడుగుతారు. ఆసుపత్రికి వచ్చే మొత్తం మార్కులతో గట్టిగా ముడిపడినవాటిలో ఈ జవాబులు ముందుంటాయి. కాకపోతే ముడి ఉన్నంత మాత్రాన ఇదే కారణమనలేం. నొప్పి తగ్గినవాడికి నర్సూ మంచిదిగానే కనిపిస్తుంది, క్యాంటీన్ ఇడ్లీ కూడా.

మన దగ్గర ఇంకో చిక్కు. డిశ్చార్జి రోజు ఫారం చేతికిస్తే "బాగానే చూశారండీ" అనని పేషెంటును నేను చూడలేదు. రేపు మళ్లీ ఇక్కడికే రావాలిగా. పైగా తినిపించడం, ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం చాలాచోట్ల తోడున్నవాళ్ల పనే. ఆ మార్కుల్లో సగం కోడళ్లకు రావాలి.

మొదటి రాత్రి ఆమె మీద కోపం నాకు మూడో రోజుదాకా ఉంది. ఆ రాత్రి కింది అంతస్తు వార్డు కూడా ఆమే చూసుకుందని ఆయా చెప్పింది. 2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల లెక్కలు తీసింది. నర్సు మీద ఒక్కో రోగి అదనంగా పడినకొద్దీ, ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే ముప్పు సుమారు 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. ట్యూబ్ మీద వేలు పెట్టి చూపించడానికి అర నిమిషం చాలు. రెండు వార్డుల మధ్య మెట్లెక్కి దిగే మనిషికి ఆ అర నిమిషమే దొరకదు.

మూడో రాత్రి డ్యూటీకి మళ్లీ ఆ మొదటి రాత్రి ఆమే వచ్చింది. సీసా అడుగంటగానే పెద్దాయన కొడుకు లేవబోయాడు. అత్తయ్య మంచం మీద నుంచే అంది: "గాలేం పోదులే అబ్బాయ్, నిదానంగా వెళ్లు. కాకపోతే ఆలస్యం చెయ్యమాకు, రక్తం గడ్డకట్టుద్ది."