ఆయిల్ పామ్ గెలను చెడగొట్టిన ‘కర్మ’

గోదావరి జిల్లాల్లో ఆయిల్ పామ్ తోట చూసినవారికి మంచి గెల ఎలా ఉంటుందో తెలుసు: నున్నటి కాయలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిండుగా ఉంటాయి. 1980లలో మలేషియా తోటల్లో టిష్యూ కల్చర్ మొక్కలు (మంచి చెట్టు కణజాలం నుంచి ప్రయోగశాలలో పెంచిన నకళ్లు, అంటే క్లోన్లు) కొన్ని ఇందుకు భిన్నంగా కాశాయి. పూవులో కేసరాలు రావలసిన చోట ఫలదళాల (కాయగా మారే పూభాగాల) వంటివి పెరిగి, ప్రతి కాయ చుట్టూ కండగల తొనల్లా అతుక్కున్నాయి. అలాంటి గెలల్లో చాలావరకు పండకుండానే పాడైపోయేవి.

నర్సరీలో ఆ మొక్కకు ఏ లోపమూ కనిపించదు. పూత వచ్చాకే విషయం బయటపడుతుంది. ఏళ్ల తరబడి నీరు, ఎరువు పెట్టి పెంచిన రైతుకు అది ఎంత కష్టమో ఊహించండి! పైగా తల్లిచెట్టుకూ పిల్లమొక్కకూ డీఎన్ఏ ఒకటే. మరి తేడా ఎక్కడిది?

జవాబు మూలాలు మొక్కజొన్న గింజ మీది ఊదా మచ్చల్లో ఉన్నాయి. అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో 1940లలో బార్బరా మెక్‌క్లింటాక్ ఆ మచ్చల జాడ పట్టి, జన్యుపదార్థంలో కొన్ని ముక్కలు చోటు మారతాయని కనుక్కున్నారు. నా దృష్టిలో ఆమె గమనించిన మరో సంగతి అంతకన్నా లోతైనది. ఆ ముక్కలు కొన్ని తరాలపాటు నిద్రపోయి, మళ్లీ మేల్కొంటాయి. అంటే మొక్క చేతిలో వాటికి పగ్గం ఉందన్నమాట. ఆమెకు నోబెల్ వచ్చింది 1983లో.

పగ్గం ఏమిటో 1980లలోనే తేలడం మొదలైంది. నిద్రపోయే ముక్కల డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు, అంటే డీఎన్ఏకు అంటుకునే చిన్న రసాయన ముద్రలు, కనిపించాయి. చోటు మారే ముక్కకు సరిపోలే చిట్టి ఆర్ఎన్ఏలను (డీఎన్ఏ లాంటి చిన్న అణువులను) మొక్కే తయారుచేస్తుందనీ, ఆ గుర్తులు ఎక్కడ పడాలో అవే చూపుతాయనీ తర్వాత తెలిసింది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్‌లో ఆ గుర్తులు తొలగితే ముక్కలు నిజంగానే దూకుతాయని 2001లో రుజువైంది. అంతకుముందే, 1996లో, టిష్యూ కల్చర్‌లో వరి కణాల్లోనూ ఇలాంటి ముక్క మేల్కొంటుందని జపాన్ శాస్త్రవేత్తలు చూపారు.

ఆయిల్ పామ్ చిక్కుముడి 2015లో విడింది. మలేషియా పామాయిల్ బోర్డు శాస్త్రవేత్తలు, మెక్‌క్లింటాక్ పనిచేసిన కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధకులతోనే కలిసి కారణం పట్టుకున్నారు. పూల నిర్మాణాన్ని నడిపే ఒక జన్యువు మధ్యలో ‘కర్మ’ అని పేరుపెట్టిన, చోటు మారే రకం ముక్క ఉంది. దానిపై మిథైల్ గుర్తులుంటే జన్యువు సందేశం సరిగా కూర్చబడుతుంది. కల్చర్‌లో ఆ గుర్తులు చెరిగిపోతే సందేశం మధ్యలోనే తెగిపోతుంది. ఇక్కడ కర్మ ఎక్కడికీ దూకలేదు. ఉన్నచోటే ఉండి, పగ్గం సడలినందుకే గెలను చెడగొట్టింది.

ఇప్పుడు చిన్న మొక్క ఆకు ముక్కలోనే ఆ గుర్తులను పరీక్షించి, చెడు క్లోన్‌ను నర్సరీలోనే ఏరివేయవచ్చు.