పన్నెండు జట్ల ప్లేఆఫ్స్: అపోహలు - వాస్తవాలు

హ్యూస్టన్‌లో బేస్‌బాల్ గణాంకాలు చూడటమే నా ఉద్యోగం కాబట్టి, అక్టోబర్ వచ్చిందంటే ఇక్కడి మన తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా నాతో వాదనకి దిగుతారు. 2022లో మేజర్ లీగ్ (అమెరికా టాప్ బేస్‌బాల్ పోటీ) ప్లేఆఫ్స్‌ని, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీల్ని, 10 జట్ల నుంచి 12కి పెంచినప్పుడు మొదలైన వాదనలు, ఇంకా తెగలేదు.

అపోహ: ఐపీఎల్ లాగే పైనున్న జట్టుకి ఓడినా రెండో ఛాన్స్ ఉంటుంది.

లేదండీ. ఐపీఎల్‌లో మొదటి రెండు జట్లలో ఓడినది క్వాలిఫయర్-2 ఆడుతుంది. ఇక్కడ మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌ల్లో ఒక్కోదాని నుంచి ఆరు జట్లు వస్తాయి, డివిజన్ (లీగ్‌లోని ఒక్కో గ్రూపు) విజేతల్లో మెరుగైన రెండింటికి మొదటి రౌండ్ బై (ఆడకుండానే రెండో రౌండ్‌కి), అంతే. తర్వాత సిరీస్ పోతే ఇంటికే.

అపోహ: బై వచ్చిన జట్లకి ఐదు రోజుల ఖాళీతో టచ్ పోతుంది, అందుకే ఓడుతున్నాయి.

ఎక్కువగా వినేదీ, నాకు ఎక్కువ చిరాకు తెప్పించేదీ ఇదే. 2022లో 111 మ్యాచ్‌లు గెలిచిన డాడ్జర్స్ 89 గెలిచిన పాడ్రెస్ చేతిలో, 101 గెలిచిన బ్రేవ్స్ 87 గెలిచిన ఫిలీస్ చేతిలో 3-1తో ఓడాయి, మరుసటి ఏడు బై వచ్చిన నాలుగింట్లో మూడు పోయాయి, దాంతో అందరూ ఈ మాట పట్టుకున్నారు. కానీ 2022 నుంచి 2025 దాకా లెక్కేస్తే బై జట్లు ఆడిన మొదటి సిరీస్‌లు 16, అందులో గెలిచినవి 9. ఒక్కో మ్యాచ్ గెలిచే అవకాశం 60 శాతం ఉన్న జట్టు, అంటే బాగా బలమైనదే, ఐదు మ్యాచ్‌ల సిరీస్ గెలిచే అవకాశం సుమారు 68 శాతమే. మూడింట ఒకసారి ఓడటం మామూలే, టచ్చూ లేదు గిచ్చూ లేదు. పైగా ఖాళీ వల్ల పిచ్చర్లు (బంతి విసిరేవాళ్లు, ఒకసారి ఆడితే కొన్ని రోజుల విశ్రాంతి కావాలి) మిగులుతారు. బై లేని పాడ్రెస్ తన మేటి పిచ్చర్లు డార్విష్, స్నెల్, మస్‌గ్రోవ్ ముగ్గురినీ మొదటి రౌండ్‌లో మెట్స్ మీదే వాడేసి, డాడ్జర్స్‌తో మొదటి మ్యాచ్‌కి క్లెవింజర్‌ని దింపి 5-3తో ఓడింది. ఆ ముగ్గురూ వరసగా వచ్చాక మిగతా మూడూ గెలిచిందనుకోండి, అది వేరే సంగతి.

అపోహ: ఆరేసి జట్లు వస్తుంటే ఇక 162 మ్యాచ్‌ల రెగ్యులర్ సీజన్‌కి విలువేముంది?

మెట్స్ అభిమానిని అడగండి. 2022లో ఒకే డివిజన్‌లోని మెట్స్, బ్రేవ్స్ చెరో 101 గెలిచాయి. పాత రూల్ అయితే 163వ మ్యాచ్ పెట్టి తేల్చేవారు, కొత్త పద్ధతిలో అది తీసేశారు కాబట్టి ముఖాముఖి లెక్క 10-9తో డివిజన్, బై రెండూ బ్రేవ్స్‌కే పోయాయి. చివరి వారంలో బ్రేవ్స్ ఊరు అట్లాంటా వెళ్లి మూడుకి మూడూ ఓడటం మెట్స్ కొంప ముంచింది, వైల్డ్ కార్డ్ రౌండ్‌లోనే, అంటే మొదటి రౌండ్‌లోనే, పాడ్రెస్ ఇంటికి పంపేసింది.

అపోహ: మొదటి రౌండ్ అంతా పై సీడ్ (ర్యాంకులో మెరుగైన జట్టు) గ్రౌండ్‌లోనే కాబట్టి గెలుపు వాళ్లదే.

2022లో నాలుగింట మూడు సిరీస్‌లు బయటి నుంచి వచ్చిన జట్లే గెలిచాయి. టొరంటోలో బ్లూ జేస్ 8-1 ఆధిక్యంలో ఉండి మెరినర్స్‌కి 10-9తో అప్పజెప్పింది. 8-1 దగ్గర టీవీ కట్టేసి కూరగాయలకి వెళ్లాను నేను. ఈ ఉద్యోగం చేస్తూ!

అపోహ: తొమ్మిది ఇన్నింగ్స్‌కీ స్కోరు సమమైతే ఆడే అదనపు ఇన్నింగ్స్‌లో రెండో బేస్ (పరుగుకి సగం దారి) మీద ముందే రన్నర్‌ని పెడతారు కదా, త్వరగా తేలిపోతుంది.

అది రెగ్యులర్ సీజన్‌లోనే, ప్లేఆఫ్స్‌లో పెట్టరు. 2022లో సియాటిల్‌లో మా ఆస్ట్రోస్, మెరినర్స్ 18 ఇన్నింగ్స్ ఆడాయి, 6 గంటల 22 నిమిషాలు. మా పెన్యా హోమ్ రన్‌తో (సిక్సర్ లాంటి షాట్) 1-0తో గెలిచాం. 2001 తర్వాత తొలిసారి సొంతూళ్లో ప్లేఆఫ్స్ చూడటానికి వచ్చిన ఆ జనం, తమ జట్టు ఒక్క పరుగు చేయడం కూడా చూడకుండానే ఇంటికెళ్లారు.