బొమ్మను కొట్టి చూసే వయసు

పదకొండు నెలల పాప బొమ్మ కారును బల్లకేసి టపటపా కొడుతుంటే, విరిగిపోతుందని మనం గబుక్కున లాగేసుకుంటాం. ఆ కొట్టుడులోనూ ఒక ప్రశ్న ఉండొచ్చు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏమీ స్టాల్, లీసా ఫైగెన్సన్ 2015లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతే చెబుతుంది. వాళ్లు ఆ వయసు పిల్లలకు చిన్న కనికట్టు చూపించారు. కొందరికి కారు గోడలోంచి దూసుకుపోయినట్టు కనిపించింది, ఇంకొందరికి కింద ఆధారం లేకపోయినా గాల్లో నిలిచినట్టు కనిపించింది. తర్వాత కారును చేతికిచ్చారు. గోడ దాటడం చూసినవాళ్లు దాన్ని ఎక్కువగా కొట్టి చూశారు. గాల్లో తేలడం చూసినవాళ్లు కింద పడేసి చూశారు. ఎవరి అనుమానానికి తగ్గ పరీక్ష వాళ్లది. సరిగా మాటలే రాని వయసులో ఇంత పద్ధతా!

కాస్త పెద్దయ్యాక కూడా ఇదే తీరు. లారా షుల్జ్, ఎలిజబెత్ బోనావిట్జ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో బడికి వెళ్లే ముందు వయసు పిల్లలకు రెండు మీటలున్న పెట్టెను చూపించారు. రెండూ ఒకేసారి నొక్కితే రెండు బొమ్మలు పైకి లేస్తాయి. ఏ మీట ఏ బొమ్మను లేపిందో తెలియదు. ఆ గుట్టు తేలని పిల్లలు, పక్కన కొత్త పెట్టె ఉన్నా పాతదాన్ని వదల్లేదు. మీటల్ని విడివిడిగా నొక్కి ఎవరికి చూపించారో ఆ పిల్లలు మాత్రం కొత్తదానివైపు వెళ్లారు.

మరి పెద్దవాళ్లు నేర్పితే? బోనావిట్జ్ బృందం 2011లో ప్రచురించిన ఫలితం నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపిస్తుంది. ఒక బొమ్మలో నాలుగు తమాషాలు దాచారు. 'ఇది ఎలా పనిచేస్తుందో చూడు' అంటూ ఒకటి చేసి చూపిస్తే పిల్లలు ఎక్కువగా దానికే అతుక్కుపోయారు. అదే తమాషా పొరపాటున జరిగినట్టు నటించినప్పుడు ఎక్కువసేపు ఆడి, మిగతావాటినీ ఎక్కువగా కనిపెట్టారు. ఇందులో పిల్లల తెలివితక్కువతనమేమీ లేదు. తెలిసిన మనిషి ఒక్కటే చూపించారంటే ఇంకేమీ లేదనే కదా అర్థం!

అలాగని నేర్పడమే తప్పనుకుంటే పప్పులో కాలేసినట్టే. అక్షరాల పేర్లు ఎంత ఆడినా వాటంతటవి రావు, ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఏ గిన్నెలో ఎన్ని నీళ్లు పడతాయన్నది మాత్రం చెప్పక్కర్లేదు. గిన్నెలిచ్చి, తర్వాత నేల తుడుచుకునే ఓపిక ఉంటే చాలు.