రేంజర్స్ మూడో పిక్ గొడవ: కుమార్ రాకర్ ఎంపిక వెనక అసలు కథ

2022 జులై 17న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, టెక్సస్ రేంజర్స్ తన వంతు రాగానే మూడో పిక్‌గా (మూడో ఎంపికగా) కుమార్ రాకర్ పేరు ప్రకటించింది. చూస్తున్నవాళ్లలో చాలామందికి అది నమ్మబుద్ధి కాలేదు. నిపుణుల జాబితాల్లో అతని పేరు ఎక్కడో కింద ఉంది, మొదటి రౌండ్ చివర్లో ఎవరైనా తీసుకుంటారేమో అనేదే ఎక్కువమంది అంచనా, అలాంటిది ఏకంగా మూడో స్థానం. అభిమానులు అప్పుడే రెండు వర్గాలయ్యారు. భుజం బాగాలేదని అనుమానం ఉన్న పిచర్ (బంతి విసిరే ఆటగాడు) మీద మూడో పిక్ తగలేశారని ఒకరంటే, తక్కువ డబ్బుకి అతన్ని ఒప్పించి మిగిలిన సొమ్ముతో ఇంకో మంచి కుర్రాణ్ణి పట్టారు, అదే తెలివి అని ఇంకొకరు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. అయితే రెండు వర్గాలూ ఆ ఒక్క రోజునే పట్టుకుని మాట్లాడుతున్నాయి. ఆ పిక్ ఎందుకు అలా జరిగిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ముందు ఈ కుర్రాడి గురించి. పేరు చూసి మనవాడా అని చాలామంది అడుగుతారు. తల్లి లలిత భారతీయ సంతతి, అమ్మమ్మ తాతయ్యలు ఇండియా నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డవాళ్లు. తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్ యూనివర్సిటీలో పేరుమోసిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. కొడుకు వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరి 2019లో, అంటే మొదటి ఏడాదే, డ్యూక్ జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని ఆటలోకి కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు. ఆ ఏడాది వాండర్‌బిల్ట్ కాలేజీ వరల్డ్ సిరీస్ గెలిస్తే అందులో అత్యుత్తమ ఆటగాడి బహుమతి కూడా ఇతనికే. మనవాళ్ల ఇళ్లలో పిల్లలు బేస్‌బాల్ ఆడటం ఇంకా అంత మామూలు కాదు కాబట్టి, కుమార్ అనే పేరు అంత పెద్ద స్కోర్‌బోర్డు మీద కనపడటం నాకైతే గర్వంగానే ఉంటుంది, దాచుకోవడం ఎందుకు.

2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ ఇతన్ని పదో పిక్‌గా తీసుకుంది. 60 లక్షల డాలర్లకి మాట కుదిరింది. ఆ తర్వాత వైద్య పరీక్షలు చేశారు, రిపోర్టుల్లో ఏదో నచ్చలేదు, అంతే, మెట్స్ అసలు ఆఫరే ఇవ్వలేదు. తగ్గించి ఇవ్వడం కూడా కాదు, ఏమీ ఇవ్వలేదు. డ్రాఫ్ట్‌కి ముందే ఎంఆర్ఐ స్కాన్లు లీగ్‌కి ఇచ్చిన ఆటగాళ్లకి స్లాట్ మొత్తంలో (ఆ పిక్‌కి లీగ్ పెట్టిన రేటులో) కనీసం కొంత శాతం ఆఫర్ చేయాలన్న రూల్ అప్పట్లో ఉండేది. రాకర్ ఆ స్కాన్లు ఇవ్వలేదు కాబట్టి మెట్స్ మీద ఆ బాధ్యత లేదు. గడువు దాటిపోయింది, కుర్రాడు రోడ్డున పడ్డాడు. మెట్స్‌కి మాత్రం పరిహారంగా మరుసటి ఏడాది 11వ పిక్ వచ్చింది. నాకు ఇందులో బాగా కష్టమనిపించేది ఇదే. ఒప్పందం చెడితే జట్టుకి ఇంకో అవకాశం రాసిపెట్టి ఉంది, ఆటగాడికి మాత్రం ఒక ఏడాది పోవడం తప్ప ఏమీ లేదు, పైగా ఇతని చేతిలో ఏదో లోపం ఉందట అన్న ముద్ర ఉచితం.

ఇలాంటిది జరగడం మొదటిసారి కాదు. 2010లో అరిజోనా డైమండ్‌బ్యాక్స్ ఆరో పిక్‌గా తీసుకున్న బారెట్ లూక్స్ అనే పిచర్ వైద్య పరీక్షలో ఆగిపోయాడు, లీగ్ అతన్ని ఫ్రీ ఏజెంట్‌గా (ఏ జట్టుతోనైనా మాట్లాడుకోగలిగేవాడిగా) ప్రకటిస్తే చివరికి చాలా తక్కువ సొమ్ముకి సంతకం చేయించుకున్నది ఎవరో కాదు, రేంజర్సే. 2014లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ మొదటి పిక్ బ్రేడీ ఐకెన్‌తో 65 లక్షల డాలర్లకి మాట్లాడుకుని, మోచేతి స్కాన్ చూశాక ఆఫర్ తగ్గించింది, కుర్రాడు సంతకం పెట్టలేదు. మరుసటి ఏడాది ఆస్ట్రోస్ పరిహారంగా వచ్చిన రెండో పిక్‌తో అలెక్స్ బ్రెగ్‌మన్‌ని తీసుకుంది, ఐకెన్‌కేమో మోచేతి ఆపరేషన్ అయింది. 2018లో అట్లాంటా బ్రేవ్స్ ఎనిమిదో పిక్ కార్టర్ స్టీవర్ట్ మణికట్టు మీద అనుమానం వచ్చి రేటు తగ్గిస్తే, అతను విసుగొచ్చి తర్వాత జపాన్ వెళ్లి సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్‌లో చేరిపోయాడు.

ఇంతకీ ఆటగాడికి ఇంకో జట్టుతో మాట్లాడే వీలెందుకు లేదు? మనకి ఐపీఎల్ వేలం తెలుసు, అక్కడ ఇద్దరు ముగ్గురు పోటీ పడితే ఆటగాడి రేటు పెరుగుతుంది. బేస్‌బాల్ డ్రాఫ్ట్ దీనికి సరిగ్గా తలకిందులు. ఒక జట్టు పేరు పిలిచిందంటే ఆ ఏడాదికి ఆ కుర్రాడు మాట్లాడాల్సింది ఆ జట్టుతోనే, నచ్చకపోతే కాలేజీకి వెళ్లాలి, లేదా ఏదైనా స్వతంత్ర లీగ్‌లో ఆడుకుంటూ మళ్లీ డ్రాఫ్ట్ దాకా ఆగాలి. ఇది పొరపాటున ఇలా తయారైంది కాదు, కావాలనే ఇలా పెట్టారు.

1965కి ముందు డ్రాఫ్ట్ లేదు. మంచి కుర్రాడు కనపడితే ఏ జట్టైనా వెళ్లి బోనస్ ఇచ్చి సంతకం చేయించుకోవచ్చు. సొమ్ములున్న జట్లు ఎగబడేవి, రేట్లు పెరిగేవి. దాన్ని ఆపడానికి యజమానులు రకరకాల రూల్స్ పెట్టారు. 4,000 డాలర్లు దాటి బోనస్ ఇచ్చిన కుర్రాణ్ణి రెండేళ్లు మేజర్ లీగ్ జట్టులోనే ఉంచుకోవాలని 1950లలో ఒక రూల్ ఉండేది, తర్వాత గొప్ప పిచర్ అయిన సాండీ కౌఫాక్స్ లాంటివాడు కూడా అలా నేర్చుకునే వయసులో బెంచి మీద కూర్చున్నవాడే. రూల్స్ పెట్టినా రేట్లు ఆగలేదు. 1964లో రిక్ రైకార్ట్ అనే కాలేజీ కుర్రాడికి ఏంజెల్స్ జట్టు 2 లక్షల డాలర్ల పైనే ఇచ్చింది. యజమానులకి గుండె గుభేలుమంది. మరుసటి ఏడాది జూన్‌లో మొదటి డ్రాఫ్ట్ పెట్టేశారు, మొదటి పిక్‌గా కాన్సాస్ సిటీ అథ్లెటిక్స్ రిక్ మండేని తీసుకుని సుమారు లక్ష డాలర్లు ఇచ్చింది. ఒక్క ఏడాదిలో పై రేటు సగానికి పడిపోయింది. బలహీన జట్లకి ముందు అవకాశం ఇవ్వడం కోసం అని చెప్పారు, అందులో కొంత నిజం ఉంది కూడా, కానీ అంతకంటే పెద్ద కారణం కుర్రాళ్ల రేటు తగ్గించడమే అని నా గట్టి నమ్మకం.

రేంజర్స్ అభిమానులకి డ్రాఫ్ట్ అంటే ఒక పాత గాయం ఉంది, డేవిడ్ క్లైడ్. ఈ కథ తెలియకుండా ఆ జట్టు పెద్దవాళ్లు పిచర్ అనగానే ఎందుకు కంగారు పడతారో అర్థం కాదు. 1972లో జట్టు వాషింగ్టన్ నుంచి ఆర్లింగ్టన్‌కి వచ్చింది, ఆ ఏడాది 100 మ్యాచ్‌లు ఓడింది, స్టేడియం ఖాళీ. 1973లో మొదటి పిక్ చేతికొచ్చింది. హ్యూస్టన్‌లో హైస్కూల్ చదువుతున్న 18 ఏళ్ల ఎడమచేతి పిచర్ క్లైడ్‌ని తీసుకున్నారు. యజమాని బాబ్ షార్ట్‌కి టికెట్లు అమ్ముడుపోవాలి, అందుకని మైనర్ లీగ్ (కుర్రాళ్లు ఆట నేర్చుకునే కింది లీగ్) ఊసే లేకుండా నేరుగా మేజర్ లీగ్‌లో దింపారు. హైస్కూల్ ఆట ముగిసి మూడు వారాలు కూడా కాలేదు, జూన్ 27న మిన్నెసోటా ట్విన్స్ మీద మొదటి మ్యాచ్. 35 వేల మందికి పైగా జనం, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినవాళ్ల కోసం ఆటని కాసేపు ఆలస్యంగా మొదలుపెట్టాల్సి వచ్చింది. మొదటి ఇద్దరికీ వాక్ (బంతులు గురి తప్పి ఉచితంగా బేస్) ఇచ్చి, తర్వాత ముగ్గుర్ని వరసగా స్ట్రైకౌట్ చేశాడు, ఐదు ఇన్నింగ్స్ వేశాడు, మ్యాచ్ గెలిచాడు. ఒకటి రెండు మ్యాచ్‌ల తర్వాత కింది లీగ్‌కి పంపి నేర్పిద్దామని మేనేజర్ వైటీ హెర్జాగ్ అనుకున్నాడు, కానీ గేటు ఆదాయం చూశాక ఆ మాట ఎవరు వింటారు? పిల్లవాడి చెయ్యి పాడైంది, 18 విజయాలతో 1979కి మేజర్ లీగ్ కెరీర్ ముగిసింది, అప్పటికి అతనికి 24 ఏళ్లు. అదే డ్రాఫ్ట్‌లో మూడో పిక్ రాబిన్ యౌంట్, నాలుగో పిక్ డేవ్ విన్‌ఫీల్డ్. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ జాబితాలో, ఉన్నారు.

ఇక్కడ అభిమానులు సాధారణంగా యౌంట్‌ని వదిలేశారే అని బాధపడతారు. నా బాధ వేరు. క్లైడ్‌ని తీసుకోవడం అప్పట్లో తప్పేమీ కాదు, ఆ ఏడాది అందరి కళ్లూ అతని మీదే ఉన్నాయి. తీసుకున్నాక చేసిన పని తప్పు.

డబ్బు విషయానికొస్తే, చాలాకాలం ఏ పిక్‌కి ఎంతన్నది బేరమే. లీగ్ ఆఫీసు ఒక సూచన ఇచ్చేది, ఇష్టమున్న జట్టు దాన్ని దాటేది. 2009లో వాషింగ్టన్ నేషనల్స్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కి కోటిన్నర డాలర్ల పైన ఇచ్చింది. 2011లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ రెండో రౌండ్‌లో తీసుకున్న జాష్ బెల్‌కి 50 లక్షలిచ్చింది. యజమానులకి మళ్లీ 1964 నాటి భయం. 2012 నుంచి కొత్త ఒప్పందం వచ్చింది. మొదటి పది రౌండ్లలో ప్రతి పిక్‌కి ఒక స్లాట్ విలువ, అన్నీ కలిపితే జట్టుకి ఒక బోనస్ పూల్, అంటే ఆ ఏడాది బోనస్‌లకి పెట్టగలిగే మొత్తం. పూల్‌ని కొద్దిగా దాటితే పన్ను, 5 శాతం దాటితే మరుసటి ఏడాది మొదటి రౌండ్ పిక్ పోతుంది. ఇంతవరకు ఏ జట్టూ ఆ 5 శాతం గీత దాటలేదు.

దాంతో డ్రాఫ్ట్ ఆటే మారిపోయింది. ఆ మొదటి ఏడాదే ఆస్ట్రోస్ దారి చూపించింది. మొదటి పిక్‌గా కార్లోస్ కొరియాని తీసుకుని స్లాట్ 72 లక్షలైతే 48 లక్షలకే ఒప్పించింది, మిగిలిన సొమ్ముతో 41వ పిక్‌లో లాన్స్ మెకల్లర్స్‌ని కాలేజీకి వెళ్లకుండా ఆపింది. ఇద్దరూ 2017లో వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) గెలిచిన జట్టులో ఉన్నారు. అప్పట్నుంచి ఏ పిక్ గురించి మాట్లాడినా పక్కన పూల్ లెక్క కూడా వేసుకోవాలి, అది వదిలేసి పేర్లు మాత్రమే పోల్చుకుంటే వాదన గాలిలో ఉంటుంది.

ఇప్పుడు 2022 రేంజర్స్ లెక్క. అంతకుముందు సీజన్ 102 ఓటములు. 2021 చివర్లో కోరీ సీగర్‌తో పదేళ్లకి 32.5 కోట్ల డాలర్లకి, మార్కస్ సీమియన్‌తో ఏడేళ్లకి 17.5 కోట్లకి ఒప్పందాలు చేసుకున్నారు. అలాంటి ఫ్రీ ఏజెంట్లని తీసుకుంటే డ్రాఫ్ట్ పిక్‌లు వదులుకోవాలి, అలా రెండో రౌండ్, మూడో రౌండ్ రెండూ పోయాయి. అంటే మూడో పిక్ తర్వాత రేంజర్స్ మళ్లీ నోరు విప్పేది 109వ పిక్ దగ్గర. మధ్యలో వందమందికి పైగా వెళ్లిపోతారు. ఈ పరిస్థితిలో మూడో పిక్‌కి పూర్తి సొమ్ము పోసి ఒక్కణ్ణి తెచ్చుకుంటే డ్రాఫ్ట్ మొత్తం ఆ ఒక్కడే.

అందుకే ఇంకో దారి పట్టారు. మెట్స్ వదిలేశాక రాకర్ ట్రై సిటీ వాలీక్యాట్స్ అనే స్వతంత్ర జట్టుకి ఆడి 20 ఇన్నింగ్స్‌లో 32 మందిని స్ట్రైకౌట్ చేశాడు, భుజానికి చిన్న ఆపరేషన్ కూడా అప్పటికి అయిపోయింది. మూడో పిక్ స్లాట్ సుమారు 76 లక్షలు, అతను 52 లక్షలకి ఒప్పుకున్నాడు. అటు నాలుగో రౌండ్‌లో, స్లాట్ ఆరు లక్షలు కూడా లేని చోట, మిషిగన్ హైస్కూల్ పిచర్ బ్రాక్ పోర్టర్‌ని 37 లక్షలిచ్చి తెచ్చుకున్నారు. అతను మొదటి రౌండ్‌లోనే పోతాడని అనుకున్న కుర్రాడు. దానికి తోడు 2021లో రెండో పిక్‌గా తీసుకున్న జాక్ లైటర్, వాండర్‌బిల్ట్‌లో రాకర్ తోటి పిచర్, అప్పటికే రేంజర్స్ దగ్గర ఉన్నాడు.

తర్వాత జరిగింది ఇది. 2023 మేలో రాకర్‌కి టామీ జాన్ సర్జరీ (మోచేతి లిగమెంట్ ఆపరేషన్) అయింది, ఏడాదికి పైగా ఆట లేదు. 2024లో తిరిగొచ్చి రేంజర్స్ మైనర్ లీగ్ జట్టు ఫ్రిస్కో రఫ్‌రైడర్స్‌కి, అంటే మన తెలుగు కుటుంబాలు అంతమంది ఉండే ఆ ఊరి జట్టుకి, ఆడి, సెప్టెంబర్ 12న సియాటెల్‌లో మేజర్ లీగ్ మొదటి మ్యాచ్ వేశాడు. 2025లో నిలకడ లేక మళ్లీ మైనర్స్‌కి పంపారు. అదే ఏడాది, 2022 డ్రాఫ్ట్‌లో ఏడో పిక్‌గా వెళ్లిన కేడ్ హార్టన్ చికాగో కబ్స్ తరఫున అదరగొట్టి ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. రాకర్‌ని తీసుకోవడం తప్పు అన్న వర్గానికి ఇదే ఇప్పుడు పెద్ద ఆయుధం.

దీనికి నా జవాబు రెండు ముక్కలు. ఒకటి, నిపుణుల జాబితా చూసి డ్రాఫ్ట్ రోజే తీర్పు ఇవ్వడం రేంజర్స్ విషయంలో ఇంతకుముందే బెడిసికొట్టింది. 2020లో రెండో రౌండ్ 50వ పిక్‌గా టెన్నెసీ హైస్కూల్ కుర్రాడు ఎవన్ కార్టర్‌ని తీసుకుంటే టీవీలో విశ్లేషకుల దగ్గర అతని గురించి చెప్పడానికి ఏమీ లేదు, పెద్ద జాబితాల్లోనే పేరు లేదు, అభిమానులు తిట్టిపోశారు. 2023 అక్టోబర్‌లో ఆ కుర్రాడే జట్టులో కీలకమై, వరల్డ్ సిరీస్‌లో మూడో స్థానంలో బ్యాటింగ్ చేశాడు. రెండు, ఆ వరల్డ్ సిరీస్ ఎంవీపీ సీగర్. ఆ రెండో, మూడో రౌండ్ పిక్‌లు ఎవరి కోసం వదులుకున్నారో వాళ్లే జట్టుకి మొట్టమొదటి టైటిల్ తెచ్చారు. రాకర్ పిక్‌ని విడిగా తీసి తూకం వేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు, సీగర్, సీమియన్, రాకర్, పోర్టర్ అంతా ఒకే లెక్కలోవాళ్లు. ఆ లెక్క మొత్తంగా రేంజర్స్‌కి లాభమే అని నేను ఎవరితోనైనా వాదిస్తాను. హార్టన్‌ని వదులుకోవడం నష్టం కాదా అంటే నష్టమే, అందులో సందేహం లేదు, కానీ ఆ జులైలో హార్టన్ కూడా టామీ జాన్ సర్జరీ నుంచి తిరిగొచ్చి కాలేజీలో కొద్ది ఇన్నింగ్స్ మాత్రమే వేసిన కుర్రాడే, అతన్ని ఏడో స్థానంలో తీసుకున్నందుకు కబ్స్ అభిమానులు కూడా అప్పట్లో ఆశ్చర్యపోయారు.

రాకర్ అనుభవం తర్వాత లీగ్ ఒక రూల్ మార్చింది. డ్రాఫ్ట్‌కి ముందే పూర్తి వైద్య పరీక్షలకి ఒప్పుకున్న ప్రధాన ఆటగాళ్లకి స్లాట్‌లో కనీసం 75 శాతం ఆఫర్ చేయాల్సిందే, రిపోర్టు చూశాక చేతులెత్తేయడం కుదరదు. ఇది 2021లోనే ఉండి, రాకర్ ఆ పరీక్షలకి ఒప్పుకుని ఉంటే మెట్స్ అతన్ని అలా గాలికి వదిలేసేది కాదు. అయినా ఆ పరీక్షలకి ఒప్పుకోని కుర్రాడి పరిస్థితి పాతదే, ఒప్పందం చెడిన జట్టుకి మరుసటి ఏడాది పిక్ వచ్చే పద్ధతీ పాతదే. అభిమానుల కోపం ఎవర్ని పిలిచారన్న దాని మీద కంటే దీని మీదకి మళ్లితే బాగుండు అని నాకు ప్రతి జులైలోనూ అనిపిస్తుంది.