స్పోర్ట్స్ కార్డులు: అటక మీది పెట్టె, ఆన్‌లైన్ రేటు, మధ్యలో అపోహలు

అపోహ: ఆటగాడి బొమ్మ అచ్చేసిన కార్డు పాతదైతే చాలు, లక్షలు పలుకుతుంది.

వాస్తవం: ఎన్నేళ్లదని ఎవరూ లెక్క చూడరు. ఎన్ని మిగిలాయి, ఎంతమంది వెతుకుతున్నారు, ఇవే చూస్తారు. అమెరికా కంపెనీ టాప్స్ 1952లో వేసిన సెట్‌లో 311వ నంబరు, బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో వేలంలో 1.26 కోట్ల డాలర్లు పలికింది. ఆ సెట్‌లో అమ్ముడుపోని సరుకును 1960లో కంపెనీయే పడవకెత్తి అట్లాంటిక్‌లో పారబోయించింది. ఇక 1980ల చివరి నుంచి 1990ల మొదటి వరకు అమెరికాలో కార్డులు కుప్పలుగా అచ్చయ్యాయి. జనం కూడా ‘రేపు ధర వస్తుంది’ అని ప్యాకులు విప్పకుండా దాచుకున్నారు. అందరూ దాచిన వస్తువుకు ధర ఎలా వస్తుంది? 1989లో అప్పర్ డెక్ కంపెనీ వేసిన బేస్‌బాల్ ఆటగాడు కెన్ గ్రిఫీ జూనియర్ రూకీ (ఆటగాడి తొలి ఏడాది) కార్డుల్లో, కార్డు స్థితిని చూసి 10 వరకు గ్రేడు ఇచ్చే పీఎస్ఏ అనే అమెరికా కంపెనీ గ్రేడ్ చేసినవే లక్ష దాటాయి.

మన దగ్గర కథ తిరగబడింది. బిగ్‌ఫన్ బబుల్‌గమ్ క్రికెటర్ బొమ్మలు, 90ల ట్రంప్ కార్డులు పిల్లల జేబుల్లో నలిగిపోయాయి కాబట్టి శుభ్రంగా మిగిలినవి తక్కువే. కానీ కొనేవాళ్లు ఇంకా తక్కువ. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య పూర్తి సెట్ కనబడితే ముచ్చటపడి కొనండి, పెట్టుబడి అనుకుని మాత్రం వద్దు.

అపోహ: ఆల్బమ్‌లో పెట్టి బీరువాలో దాచాం, ఇక భద్రం.

వాస్తవం: హైదరాబాద్‌లో ఎక్కువ కార్డులు పాడయ్యేది ఇలాగే. మెత్తగా సాగే, కొత్త రెయిన్‌కోటు వాసన కొట్టే కవర్లు పీవీసీవి. దాన్ని మెత్తబరచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికొచ్చి కార్డు మెరుపుకు అంటుకుంటుంది. తీయబోతే సిరా కవరుతో పాటే లేచి వస్తుంది. పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్న కవర్లే కొనండి. చీరల మధ్య కలరా ఉండలు వేసిన అరలో అసలే పెట్టకండి, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. లామినేషన్ చేయించిన కార్డును కలెక్టర్ ఎవరూ కొనరు, ఆ మాట అక్కడితో సరి.

చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వండి. కార్డును అంచులతో పట్టుకుని స్లీవ్ అనే పలచటి ప్లాస్టిక్ తొడుగులోకి దించండి. మూలలు దెబ్బతినేది స్లీవ్ నోటి దగ్గరే, అందుకే దాన్ని కొంచెం విప్పి పట్టుకోవాలి. స్లీవ్‌తో సహా టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులోకి జార్చాలి. స్లీవ్ లేకుండా తోస్తే గట్టి ప్లాస్టిక్ గీతలు పెడుతుంది. మామూలు కార్డు కొలత 2.5 × 3.5 అంగుళాలు, దానికి 35 పాయింట్ల టాప్‌లోడర్ సరిపోతుంది. పాయింటంటే అంగుళంలో వెయ్యో వంతు. జెర్సీ ముక్క అతికించిన మందపాటి కార్డుకు 130 పాయింట్లది కావాలి. వదులైతే లోపల ఊగి మూలలు తగులుతాయి, బిగువైతే అంచులు నలుగుతాయి. రబ్బర్ బ్యాండు జోలికి వెళ్లొద్దు. ఎండాకాలంలో అది కరిగి కార్డుకు అంటుకుంటుంది.

లోహంలా మెరిసే క్రోమ్ కార్డులు వంగిపోతే చాలామంది అచ్చు లోపమనుకుంటారు. బొమ్మ వైపున్న మెరుపు పొర తేమ పీల్చదు, వెనకున్న అట్ట పీలుస్తుంది. వానాకాలంలో అట్ట ఉబ్బి అంచులు బొమ్మ వైపు లేస్తాయి, ఏప్రిల్-మే ఎండలకు అట్ట కుంచించుకుని వెనక్కి వంగుతాయి. పుస్తకాల కింద అణిచినా, ఇస్త్రీ పెట్టినా పై పొర పగులుతుంది. గాలి చొరబడని డబ్బాలో చిన్న హైగ్రోమీటర్ పెట్టి తేమ 45-50 శాతం మధ్య ఉంచితే కొన్ని వారాల్లో చాలావరకు అదే సర్దుకుంటుంది. సిలికా జెల్ గుప్పెళ్లకొద్దీ పోస్తే మరీ ఎండిపోయి రెండో వైపు వంగుతుంది. తేమ ఎక్కువైతే పీల్చి, తగ్గితే వదిలే 49 శాతం ప్యాకెట్లు దొరుకుతాయి, అవి మేలు.

అపోహ: గ్రేడ్ చేసి స్లాబ్ అనే గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేశారంటే ఇక అనుమానించక్కర్లేదు.

పీఎస్ఏ 1991లో మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డే దీనికి జవాబు. అది సిగరెట్ పెట్టెలతో వచ్చిన టీ206 సెట్‌లోని బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు, దానికి 8 ఇచ్చారు. దాని అంచులు కత్తిరించింది తానేనని వేలందారు బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. ఇప్పుడైతే స్లాబులకే నకిలీలు వస్తున్నాయి. సర్టిఫికెట్ నంబరును కంపెనీ సైట్‌లో కొట్టి ఊరుకుంటే చాలదు, నకిలీవాడు అసలు నంబరునే కాపీ కొడతాడు. సైట్‌లో ఫోటో ఉంటే అంచుల వెడల్పు, అచ్చు చుక్కలు చేతిలో ఉన్నదానితో పోల్చాలి.

స్లాబ్ లేని కార్డుకు చార్మినార్ దగ్గర ముత్యాల కొట్లలో వాడేలాంటి 10 రెట్ల భూతద్దం చాలు. అసలు ఆఫ్‌సెట్ అచ్చులో బొమ్మ రంగు చుక్కల పూలలా కనిపిస్తుంది, నల్ల అక్షరాలు మాత్రం సాధారణంగా గట్టి సిరాతో నిండుగా ఉంటాయి. స్కాన్ చేసి కొట్టిన నకిలీలో అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. 1986లో ఫ్లీర్ కంపెనీ వేసిన బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డన్ కార్డు (57వ నంబరు) ఎవరైనా చవగ్గా ఇస్తానంటే ముందు ఈ పరీక్షే చేయండి. ఇంకోటి: బ్లాక్‌లైట్ కింద నీలంగా మెరిసే కాగితం మీద ‘1930ల సిగరెట్ కార్డు’ ఉందంటే నమ్మకండి. కాగితానికి ఆ తెల్లదనం తెచ్చే రసాయనాలు అప్పటికి వాడకంలో లేవు.

అపోహ: అన్ని కార్డులూ గ్రేడింగ్‌కు పంపితే లాభమే.

ముందు స్కేలు తీయండి. బొమ్మకు ఎడమ అంచు 1.5 మిల్లీమీటర్లు, కుడి అంచు 2 ఉంటే సెంటరింగ్ (బొమ్మ ఎంత నడిమధ్యన ఉందనే లెక్క) 43/57. 10 గ్రేడుకు ముందు వైపు అడిగేది దాదాపు 55/45, కాబట్టి ఆ కార్డు మీద ఆశ తగ్గించుకోవాలి. తర్వాత కార్డును వెలుతురుకు ఏటవాలుగా తిప్పి గీతలు వెతకండి. అమెరికాలోని పీఎస్ఏకు పంపితే ఒక్కో కార్డుకు 20 డాలర్లకు పైనే రుసుము, రెండు వైపులా షిప్పింగ్, బీమా, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్. 9 వచ్చినా ఈ ఖర్చు గిట్టే కార్డులే పంపాలి. 10 వస్తేనే గిట్టుబాటు అనే లెక్క జూదమే.

జెర్సీ ముక్క ఉన్న కార్డు మ్యాచ్‌లో వేసుకున్నదే అనుకుంటారు. వెనక చిన్న అక్షరాలు చదవండి. ‘ఏ ప్రత్యేక ఆట, సీజన్‌కూ చెందినది కాదు’ అని ఉంటే అది ఏ బట్టైనా కావచ్చు.

అపోహ: కార్డుల ధర పెరగడమే తప్ప తగ్గదు.

పైన చెప్పిన జోర్డన్ కార్డు 10 గ్రేడులో 2021 జనవరిలో 7,38,000 డాలర్లకు అమ్ముడైంది. 2022 మధ్యకల్లా అదే గ్రేడు 2 లక్షల డాలర్ల చుట్టుపక్కలకు దిగింది. ఈబేలో అడుగుతున్న ధర చూసి మురిసిపోవద్దు, అమ్ముడైన వాటి ఫిల్టర్ పెట్టి చూడండి.

ఇకముందు అంతా డిజిటలే అన్నమాట 2021లో గట్టిగా వినిపించింది. ఆ ఏడాది ఎగిరిన ఎన్‌బీఏ టాప్ షాట్ (బాస్కెట్‌బాల్ వీడియో తునకల డిజిటల్ కార్డులు) ధరలు తర్వాత కూలాయి, అట్ట కార్డు మాత్రం నిలిచింది. మారుతున్నది అచ్చు వేసే చెయ్యి. 2022 జనవరిలో టాప్స్‌ను ఫనాటిక్స్ అనే క్రీడా సరుకుల కంపెనీ కొనేసింది. మన క్రికెట్‌కు ఇంకో చిక్కుంది. బేస్‌బాల్‌లో 2006 నుంచి రూకీ కార్డు మీద ప్రత్యేక ముద్ర వేస్తున్నారు. ఇక్కడ ఒకే ఆటగాడికి ఐపీఎల్ మొదటి కార్డు, భారత జట్టు మొదటి కార్డు వేరువేరుగా ఉండొచ్చు, అమ్మేవాడు రెంటినీ రూకీ అనే అంటాడు. క్రికెట్ అటాక్స్ లాంటి, పిల్లలు ఆడుకునే కార్డులను కూడా ఆ పేరుతోనే అంటగడతారు. కొనేముందు ఏ సెట్, ఏ ఏడాది, ఏ నంబరు అని అడిగి, కార్డు వెనక వైపు ఫోటో తెప్పించుకోండి.