డాబా మీద పడక కాదిది: పికప్‌కి రూఫ్‌టాప్ టెంట్, అపోహలు - వాస్తవాలు

మా షెడ్డు హైదరాబాద్ ఆటోనగర్‌కి దగ్గర్లో ఉంటుంది. బండ్లకు క్యారియర్లు, ర్యాకులు కట్టడం మా పని. ఈమధ్య హైలక్స్, వీ-క్రాస్ లాంటి పికప్‌లు వేసుకుని ఫ్యామిలీలే వస్తున్నాయి, రూఫ్‌టాప్ టెంట్ కోసం. అంటే బండి పైన మడిచి కట్టుకుని, రాత్రికి తెరిచి, నిచ్చెనెక్కి పడుకునే టెంట్. వచ్చేవాళ్లలో సగం మంది టెంట్ ముందే ఆర్డర్ పెట్టేసి ఉంటారు. "అన్నా, ఎల్లుండి టెంట్ వస్తుంది, శనివారానికి కట్టిచ్చెయ్" అంటారు. "ఇంట్లో ఎవరికైనా మోకాళ్ల నొప్పులున్నాయా?" అని అడిగితే ఇతనేంటి డాక్టర్‌లా మాట్లాడుతున్నాడని చూస్తారు. ఆ ప్రశ్న ఎందుకో కింద చెప్తాను. ముందు ఎక్కువగా వినే అపోహలు.

అపోహ: నలుగురి టెంట్ అని రాసుంటే నలుగురూ హాయిగా పడుకోవచ్చు.

నలుగురికి అని అమ్మే మడత టెంట్ల వెడల్పు చాలావరకు 1.8 నుంచి 1.9 మీటర్లు. 1.9ని నలుగురికి పంచితే మనిషికి 47 సెంటీమీటర్లు వస్తుంది. ఇంట్లో ఇద్దరు పడుకునే ఐదడుగుల మంచం మీదే ఒక్కొక్కరికి 75 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంటే కంపెనీ లెక్కలో నలుగురు పడుకోవచ్చు, కానీ అందరూ ఒకేసారి పక్కకు తిరగాలి.

నేనైతే షెడ్డు నేల మీద సుద్దముక్కతో టెంట్ కొలత గీసి, చాప పరిచి, "పడుకోండి" అంటాను. మొదట నవ్వుతారు. పది నిమిషాలు పడుకున్నాక భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇద్దరు పెద్దవాళ్లు, ఎనిమిదేళ్లలోపు పిల్లలిద్దరు అయితే 1.9 సరిపోతుంది. అదే పిల్లలు ఇంకో నాలుగేళ్లకు మీ భుజాల దాకా వస్తారు, టెంట్ మాత్రం పెరగదు.

పెట్టెలా పైకి లేచే హార్డ్‌షెల్ చూడ్డానికి బాగుంటుంది, గబుక్కున తెరుచుకుంటుంది. కానీ వాటిలో చాలావాటి వెడల్పు 1.2 నుంచి 1.4 మీటర్లే. ఇద్దరికి, లేదా ఇద్దరికీ ఒక చంటిపిల్లకీ సరిపోతుంది. ఫ్యామిలీకి వెడల్పు కావాలంటే పుస్తకంలా తెరుచుకునే గుడ్డ టెంటే దారి. దాంట్లో సగం నేల బండి బయటికి వేలాడుతుంది, ఆ సగాన్ని మోసేది నిచ్చెనే. అందుకని నిచ్చెన మెత్తటి మట్టిలో దిగిపోకుండా కాళ్ల కింద చెక్కముక్క పెట్టుకోవాలి. వాన పడ్డాక నల్లరేగడిలో ఇది మర్చిపోయినవాళ్లకు తెల్లారేసరికి టెంట్ ఒక పక్కకు వాలి కనిపిస్తుంది.

అపోహ: ఇది లారీ లాంటి బండి, పైన ఎంతైనా మోస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో అపోహ కూడా ఉంది. "పైకప్పు మీద 75 కిలోలే అని రాసుంది కదా, మేం నలుగురం ఎక్కితే సొట్ట పడదా?" అని. రెండింటికీ జవాబు ఒకటే. నెత్తిన నీళ్లబిందెతో నిలబడటం వేరు, అదే బిందెతో గుంతల రోడ్డు మీద పరిగెత్తడం వేరు. మాన్యువల్‌లో రాసే పైకప్పు బరువు సాధారణంగా బండి నడుస్తున్నప్పటిది. బ్రేకు, మలుపు, స్పీడ్ బ్రేకర్ అన్నీ ఆ అంకెలో లెక్కేసి ఉంటాయి. బండి ఆగి ఉన్నప్పుడు అదే నిర్మాణం దానికి కొన్ని రెట్లు మోయగలదు. కాబట్టి చూడాల్సింది మనుషుల బరువు కాదు, ప్రయాణంలో పైన ఉండే టెంట్, ర్యాకు, పైన కట్టిన సామాను కలిపిన బరువు.

ఒక లెక్క చూడండి. ఫ్యామిలీ టెంట్ 70 కిలోలు, కింద ర్యాకు 30 కిలోలు అనుకుందాం. మొత్తం వంద. 75 కిలోల పరిమితి ఉన్న పైకప్పు మీద ఇది కట్టకూడదు. అంతే, బేరం లేదు. "మా ఫ్రెండ్ కట్టించాడు, ఏం కాలేదు" అంటారు. ఏదైనా అయ్యేదాకా ఏం కాదు.

అందుకే పికప్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది, పైకప్పుని వదిలేయండి. వెనక సామాన్ల తొట్టి, మేం డెక్ అంటాం, దాని మీద ర్యాకు కట్టి టెంట్ అక్కడ పెట్టండి. డెక్ పుట్టిందే బరువు కోసం. బరువు కిందికి దిగుతుంది కాబట్టి మలుపుల్లో బండి ఊగడం తగ్గుతుంది, నిచ్చెన రెండు మెట్లు తగ్గుతుంది. సిటీలో ఉండేవాళ్లకు ఇంకో లాభం ఉంది. హైలక్స్ ఎత్తే 1.8 మీటర్లు. దాని పైకప్పు మీద క్యారియర్, టెంట్ కలిపి ఇంకో 40 సెంటీమీటర్లు వేస్తే 2.2 దాటుతుంది. సెల్లార్ ముందు 2.1 మీటర్లు అని బోర్డు ఉంటే బండి రోడ్డు మీదే. డెక్ మీద తక్కువ ఎత్తు ర్యాకు కడితే దాదాపు క్యాబిన్ ఎత్తులోనే ముగించవచ్చు. కొనేముందు మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పైపులు, దూలాలు ఎక్కడెక్కడ కిందికి ఉన్నాయో టేపుతో కొలిచి రండి. వాచ్‌మన్ మాట నమ్మొద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొందరు సగం క్యాబిన్ మీద, సగం డెక్ మీద ఆనేలా ఒకే ర్యాకు కట్టమంటారు. నేను కట్టను. పికప్‌లో క్యాబిన్, డెక్ రెండూ ఒకే ఛాసిస్ మీద, అంటే బండి అడుగు చట్రం మీద కూర్చున్నా విడివిడి ముక్కలు. ఎగుడుదిగుడు దారిలో ఛాసిస్ మెలితిరిగినప్పుడు అవి వేర్వేరుగా కదులుతాయి. రెంటినీ ఒక ఇనుప చట్రంతో బిగిస్తే ఏదో ఒకటి విరగాలి, లేదంటే క్యాబిన్ రేకు చీలాలి. టెంట్ అంచు క్యాబిన్ మీదికి గాల్లో చాచి ఉండొచ్చు, కానీ పట్టు మాత్రం డెక్ మీదే ఉండాలి.

ఇంకో మాట, నా తప్పే. మొదట్లో నేను కట్టిన ర్యాకు ఒకటి వెల్డింగ్ దగ్గర పగిలింది. పైపు బరువు తట్టుకుంది, మూలలో బలపరిచే ముక్క పెట్టకపోవడంతో కుదుపులకు అతుకు వదిలేసింది. అదృష్టం బాగుండి ఆ ఇంటాయన పెట్రోల్ బంకులో చూసుకున్నాడు. అప్పట్నుంచి మూలమూలకీ త్రికోణం ముక్క లేకుండా ర్యాకు మా షెడ్డు దాటదు.

మొత్తం బండి లెక్క కూడా వేసుకోండి. ఆర్‌సీలో మొత్తం బరువు, ఖాళీ బరువు ఉంటాయి. తేడా తీస్తే మీరు మోయగలిగేది వస్తుంది. అందులోంచి మనుషులు, నీళ్ల క్యాన్లు, గ్యాస్ స్టవ్, ర్యాకు, టెంట్ తీసేస్తే మిగిలేది చూసి చాలామంది ఫ్రిజ్ ఆలోచన మానుకున్నారు.

అపోహ: ఎత్తులో పడుకుంటాం, జంతువుల భయం లేదు.

తేళ్లు, పాములు, గొంగళిపురుగులు, వాననీటి మడుగు, వీటి నుంచి ఎత్తు నిజంగా కాపాడుతుంది. ఆ ఒక్క కారణానికే మా ఆవిడ నేల టెంట్ వద్దంటుంది. కానీ చిరుత, ఎలుగుబంటి చెట్లెక్కే జంతువులు. వాటికి మీ నిచ్చెన ఒక లెక్క కాదు. నల్లమలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గుండా పోయే శ్రీశైలం రోడ్డుని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ఆ దారిలో పక్కకు ఆపి టెంట్ తెరుద్దామనే ఆలోచనే పెట్టుకోవద్దు. అటవీ శాఖ అనుమతించిన చోటో, తెలిసినవాళ్ల పొలమో, రిసార్టు ఆవరణో చూసుకోండి. వికారాబాద్ వైపు మొదటి రాత్రికి బాగుంటుంది, తేడా వస్తే రెండు గంటల్లో ఇంట్లో ఉంటారు. తినే సామాను టెంట్‌లో కాదు, క్యాబిన్‌లో పెట్టి లాక్ చేయండి.

తాటిచెట్టు కింద బండి పెట్టొద్దు. ఎండిన మట్ట రాత్రి గాలికి పడితే టెంట్ గుడ్డ ఆపలేదు.

అపోహ: టైర్లు రబ్బరువి కాబట్టి పిడుగు భయం లేదు.

ఇది చదువుకున్నవాళ్లే ఎక్కువ చెప్తారు. కారులో ఉన్నవాళ్లను కాపాడేది టైరు కాదు, చుట్టూ ఉండే లోహపు బాడీ. పిడుగు పడితే కరెంటు ఆ రేకు మీదుగా నేలకు పోతుంది. రూఫ్‌టాప్ టెంట్‌లో మీరు ఆ రేకుకు బయట, పైన ఉన్నారు, పైగా చుట్టుపక్కల అందరికంటే ఎత్తులో. ఏప్రిల్, మేలో మన దగ్గర సాయంత్రాలు గాలిదుమారం, ఉరుములు మామూలే. ఉరుము వినపడిందంటే పిల్లల్ని దించి క్యాబిన్‌లో కూర్చోబెట్టి అద్దాలు ఎత్తేయండి. టెంట్ తడిస్తే ఆరుతుంది.

అపోహ: పొద్దున్న లోపల నీళ్లు కనిపించాయంటే టెంట్ కారుతోంది.

శీతాకాలంలో ఏటా ఈ ఫోన్లు వస్తాయి. రాత్రంతా నలుగురు వదిలే ఊపిరిలో, చెమటలో కలిపి లీటరు దాకా నీళ్లుంటాయి. బయట చలి, లోపల వెచ్చన. ఆ తేమ గుడ్డకీ, అల్యూమినియం పైపులకీ తగిలి బొట్లు కడుతుంది. చలి అని అన్ని కిటికీలూ మూసేస్తే ఇంకా ఎక్కువ. ఎదురెదురుగా రెండు కిటికీలు నాలుగు వేళ్ల మందం తెరిచి, దుప్పటి ఒకటి ఎక్కువ కప్పుకోండి. పరుపు కింద గాలి ఆడే జాలీ షీటు వేయండి, లేదంటే పరుపు అడుగున బూజు ఖాయం.

కాటన్ కలిసిన క్యాన్వాస్ అయితే కొత్తలో ఇంటి దగ్గరే తెరిచి పైపుతో తడిపి, పూర్తిగా ఆరనివ్వండి. దారాలు ఉబ్బి కుట్టు రంధ్రాలు మూసుకుంటాయి. మొదటిసారి నాలుగు చుక్కలు కారితే గాభరాపడొద్దు. వానలో మడిచి తెచ్చిన టెంట్‌ని ఇంటికి రాగానే తెరిచి ఆరబెట్టాలి. "ఆదివారం చూద్దాం" అన్నవాళ్ల టెంట్లు మా షెడ్డుకి వాసనతో వస్తాయి.

చలికి లోపల కుంపటి, గ్యాస్ హీటర్ మాత్రం పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇందులో మినహాయింపుల్లేవు.

అపోహ: పోలీసులు ఆపరు, చట్టంతో పనిలేదు.

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే నేను రేకు కోయను, ఛాసిస్‌కి వెల్డింగ్ పెట్టను. ర్యాకు బోల్టుల మీదే నిలిచేలా, విప్పితే బండి యథాస్థితికి వచ్చేలా కడతాను. క్యాంపు లేనప్పుడు టెంట్ దించేయండి. ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే రాసి చెప్పండి. ఆర్టీఏలో అడిగి వస్తానంటే ఇంకా మంచిది.

అపోహ: రెండు నిమిషాల్లో రెడీ.

తెరవడం రెండు నిమిషాలు. బండిని సమంగా నిలబెట్టడానికి పావుగంట. ఫోన్‌లో లెవెల్ చూసుకుని టైరు కింద పలక పెట్టకపోతే రాత్రంతా అందరూ ఒక మూలకు జారుకుంటారు.

ఇక మోకాళ్ల సంగతి. పగలు నిచ్చెన ఎక్కడం పిల్లలకు ఆట. రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి నిద్రకళ్లతో దిగడం వేరు. ఏడేళ్ల పిల్లాడు తలుపు జిప్పు తీసి ముందుకు అడుగేస్తే కింద ఆరడుగుల లోతు. పిల్లల్ని లోపలి వైపు పడుకోబెట్టి, తలుపు దగ్గర పెద్దవాళ్లు పడుకోవాలి. నిచ్చెన మొదటి మెట్టుకి చిన్న లైటు కట్టాలి. దిగేటప్పుడు నిచ్చెన వైపు మొహం పెట్టి దిగడం ఇంట్లోనే నేర్పించాలి. అమ్మమ్మనో నానమ్మనో తీసుకెళ్తే, టెంట్ కింద కట్టే గుడ్డగదిలో మడత మంచం వేయండి. ఆవిడ పైకి ఎక్కుతానన్నా సరే.

మొన్న ఒకాయన ఇదంతా విని, టెంట్ ఆర్డర్ రద్దు చేసి నేల టెంట్ కొనుక్కున్నాడు. నాకు బేరం పోయింది. సంక్రాంతికి గండికోట వెళ్లొచ్చి, ఈసారి డెక్ ర్యాకు కట్టమని వచ్చాడు, టెంట్ కాదు, సైకిళ్లకు.

బండి తీసుకెళ్లేవాళ్లకు చివర్లో ఒక స్పానర్ చేతిలో పెడతాను. ప్రతి బోల్టు మీదా, పక్క ఇనుము మీదా కలిపి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీసి ఉంటుంది. వంద కిలోమీటర్ల లోపే, శ్రీశైలం వైపైతే కడ్తాల్ దాటాక టీ తాగే చోట, గీత విరిగిందేమో చూడండి. విరిగితే బోల్టు తిరిగినట్టు. బిగించి, టీ తాగి బయల్దేరండి.