కోడ్ మార్చేస్తే డ్యూటీ పోదండీ

"బాబూ, కోడ్ మార్చేస్తే ఆ చైనా డ్యూటీ పడదట కదా?" నెలకి ఇద్దరైనా అడుగుతారు నన్ను. ఇల్లు విజయనగరంలో, పని విశాఖ పోర్టులో. దిగుమతుల క్లియరెన్స్ చూస్తుంటాను. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ మాట వాళ్ల చెవిలో వేసినవాళ్ల మీదే ఉంది.

అపోహ: హెచ్‌ఎస్ కోడ్ వేరేది వేస్తే యాంటీ డంపింగ్ డ్యూటీ తప్పుతుంది

హెచ్‌ఎస్ కోడ్ అంటే కస్టమ్స్ లెక్కల్లో సరుకు రకానికి ఇచ్చే నంబరు. మామూలు కస్టమ్స్ డ్యూటీ కోడ్‌ని బట్టి పడుతుంది. యాంటీ డంపింగ్ డ్యూటీ, అంటే విదేశీ సరుకు మరీ చవగ్గా వచ్చి పడకుండా అదనంగా వేసేది, సరుకుని బట్టి పడుతుంది. ఆ డ్యూటీ వేస్తూ ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ తీసి చూడండి. సరుకు ఏమిటి, ఏ దేశంలో తయారైంది, ఎక్కడి నుంచి వచ్చింది, తయారుచేసింది ఎవరు అని వరసగా గళ్లుంటాయి. కోడ్‌కీ ఒక గడి ఉంటుంది. కానీ విచారణ చేసే డీజీటీఆర్ (వాణిజ్య శాఖ విభాగం) వాళ్లు ఆ కోడ్ సూచన మాత్రమేనని, సరుకు పరిధిని అది తేల్చదని తమ రిపోర్టుల్లో రాస్తూనే ఉంటారు. ఆ వాక్యం ఎవరూ చదవరు, అదే బాధ.

గంటస్తంభం దగ్గర స్టీలు సామాన్లు అమ్మే ఒకాయన ఓ సాయంత్రం కస్టమ్స్ ఆడిట్ ఉత్తరం పట్టుకుని వచ్చారు. ఇంట్లో చూస్తారేమోనని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకున్నారు. అంతకుముందు చైనా నుంచి 4,000 స్టీలు వాటర్ బాటిళ్లు తెప్పించారు. సప్లయర్ ఇన్వాయిస్‌లో 7323 వేశాడు, అంటే స్టీలు వంటింటి సామాను. అప్పటి క్లియరెన్స్ ఏజెంటు కస్టమ్స్ కాగితాల్లో అదే ఎక్కించేశాడు.

"స్టీలు బాటిలే కదండీ, స్టీలు సామాన్లోకే కదా వస్తాది?"

శాంపిల్ ఒకటి తెమ్మన్నాను. కింద టీ కొట్టు నుంచి మరిగిన నీళ్లు తెప్పించి, అందులో పోసి మూత బిగించి ఆయన చేతికే ఇచ్చాను. పది నిమిషాలు మాట్లాడుకున్నాం. పైగోడ వెచ్చబడనేలేదు. ఆయనకి నేను చెప్పకుండానే అర్థమైంది. రెండు గోడలు, మధ్యలో వాక్యూమ్. అది ఫ్లాస్కు, 9617. హెడింగ్ (నాలుగంకెల కోడ్) పక్కన రాసిన మాటలు, సెక్షన్ నోట్లు, చాప్టర్ నోట్లు ముందు చూడమని వర్గీకరణ మొదటి రూలే చెబుతుంది. ఇనుము, స్టీలు ఉన్న 15వ సెక్షన్ నోట్లోనే 96వ చాప్టర్ వస్తువులు ఇక్కడికి రావని రాసి ఉంది. చైనా వాక్యూమ్ ఫ్లాస్కుల మీద 2025 మార్చిలో టన్నుకి 1,732 డాలర్ల డ్యూటీ వేశారు.

తూకం వేశాం. బాటిల్ 350 గ్రాములు, మొత్తం 1.4 టన్నులు, సుమారు 2,425 డాలర్లు. డాలరు 86 రూపాయలనుకున్నా రెండు లక్షల ఎనిమిది వేలు, అంటే బాటిల్‌కి 52 రూపాయలు. ఆయనకి బాటిల్ మీద మిగిలింది నలభై. ఈ డ్యూటీ మీద మళ్లీ ఐజీఎస్‌టీ, అంటే దిగుమతి మీద కట్టే జీఎస్‌టీ, పడుతుంది. ఐజీఎస్‌టీ అయితే క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది, యాంటీ డంపింగ్ మాత్రం రాదు. పైన ఏడాదికి 15 శాతం వడ్డీ. బాటిళ్లేమో పాత రేటుకి ఎప్పుడో అమ్ముడైపోయాయి.

ఇలాంటి ఉత్తరం వస్తే దాచుకోకండి. మోసం ఉద్దేశం లేని కేసులో నోటీసు రాకముందే డ్యూటీ, వడ్డీ కట్టేస్తే పెనాల్టీ ఉండదు, నోటీసూ రాదు. ఆయన అలాగే కట్టి బయటపడ్డారు. కావాలనే తప్పు చెప్పారని తేలితే మాత్రం డ్యూటీ ఎంతో పెనాల్టీ కూడా అంత. పోర్టు దాటాక ఎవరూ అడగరనే మాట కూడా నమ్మకండి. మామూలుగా రెండేళ్లు, మోసం ఉంటే ఐదేళ్లు వెనక్కి వెళ్లి అడగొచ్చు.

అపోహ: సరుకు రూపం కొంచెం మార్చి తెచ్చుకుంటే చాలు

జూట్ మిల్లుల జిల్లాలో ఉంటూ మనమే ఈ మాట అంటే ఎలా? బంగ్లాదేశ్, నేపాల్ జూట్ సరుకు మీద 2017 జనవరిలో డ్యూటీ వేశారు. గోనె సంచులు అందులో ఉన్నాయి. దాంతో బంగ్లాదేశ్ నుంచి సంచులకి బదులు సంచి గుడ్డ రావడం మొదలైంది, కుట్టు ఇక్కడ. 2019లో ఆ గుడ్డ మీదకీ డ్యూటీ పొడిగించారు. మిల్లులో పనిచేసి రిటైరైన మా నాన్నకి ఇది చెబితే, "గుడ్డకి నాలుగు కుట్లేస్తే సంచే కదరా, ఇదేటి దొంగాట?" అన్నారు.

మిగతావి గబగబా

వియత్నాం మీదుగా తెస్తే పడదా? తయారైంది చైనాలో అయితే పడుతుంది, ఓడ ఏ రేవులో ఆగినా సరే. చైనా సరుకులన్నిటికీ ఉందా? లేదు, నోటిఫై చేసిన వాటికే. వాట్సాప్‌లో "డీజీటీఆర్ వేసేసింది" అని తిరుగుతుంటే టెన్షన్ పడకండి. వాళ్లది సిఫారసే, వేసేది ఆర్థిక శాఖ. సిఫారసు చేశాక వేయనివీ ఉన్నాయి. కోడ్ తప్పైతే ఏజెంటుదే బాధ్యతా? కాదు. 2011 నుంచి సెల్ఫ్ అసెస్‌మెంట్ నడుస్తోంది, అంటే డ్యూటీ లెక్క దిగుమతిదారే వేసుకోవాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రం, మీ పేరుతోనే ఉంటుంది.

ఎగుమతి కోసం తెచ్చే ముడిసరుకైతే అడ్వాన్స్ ఆథరైజేషన్ (ఎగుమతిదారులకి ఇచ్చే ముందస్తు అనుమతి) మీద ఈ డ్యూటీకి మినహాయింపు దొరుకుతుంది. పైడిభీమవరం మందుల కంపెనీల వాళ్లకి ఇది తెలిసిందే, చిన్న యూనిట్లకే తెలియడం లేదు. నిజంగా సందేహం ఉంటే ఆర్డర్ పెట్టకముందే అడ్వాన్స్ రూలింగ్‌కి, అంటే ముందే అధికారిక తీర్పు అడగడానికి, వెళ్లండి, ఢిల్లీలో, ముంబయిలో అథారిటీలున్నాయి. సరుకు వచ్చేసిందా, ప్రొవిజనల్ అసెస్‌మెంట్, అంటే తాత్కాలికంగా డ్యూటీ లెక్క కట్టడం, అడగండి.

ఆ స్టీలు షాపాయన ఇప్పుడు అడ్వాన్స్ కట్టే ముందు నాకు ఫొటోలు పెడుతున్నారు. మొన్న ఒక లంచ్ బాక్సు పంపారు. "ఒక గోడా, రెండు గోడలా?" అని అడిగాను. గంట తర్వాత జవాబు వచ్చింది: "వేడినీళ్లు పోసి ఉంచానండి. సూసి సెప్తాను."